మౌనమూర్తి కన్నీరు

కరాళదుర్గం పడమటి ద్వారం దగ్గర జనాన్ని బారులు తీర్చి చెవుల్లో దూది కుక్కుతున్నారు.

కర్పూర తైలంలో నానబెట్టిన దూది అది. కుక్కడానికి నున్నగా చెక్కిన వెదురుపుల్లలూ, ఆ పుల్లలు పట్టుకోవడానికి రాజోద్యోగులూ, ఆ ఉద్యోగులకు ఆకుపచ్చ తలపాగాలూ ఉన్నాయి. కుక్కడం అయ్యాక ఒకడు వెనకనుంచి వచ్చి తల పక్కన ఢంకా మీద ఒక్కటి వాయిస్తాడు. ఉలిక్కిపడినవాడికి కొరడా దెబ్బలు, తరువాత మరికాస్త దూది. కొందరు ఏమీ వినపడకపోయినా భయంతోనే ఉలిక్కిపడేవారు. వాళ్ళకూ దెబ్బలే. మందరదేశంలో భయపడినందుకు ఎవరికీ మినహాయింపు లేదు.

ఆ బారు చివర వకుళ నడుం వంచి నిలబడి ఉంది. తలకు బూడిద, పళ్ళకు మసి, ఒంటికి ఎవరో చచ్చినావిడ చీర, పొడుగు చేతుల రవిక. ఎంత వెతికినా ఆమెలో పాతికేళ్ళ వయసు దొరకదు. ఊతంగా పట్టుకున్న కర్ర మాత్రం మామూలు కర్ర కాదు, రాజుగారి మాంత్రికుడు ధూమకంఠుడి మంత్రదండం. మగవేషంలో అతని గుహలో చొరబడి ఆమే దొంగిలించింది. తీరా తెచ్చుకున్నాక తెలిసిందేమిటంటే, మంత్రం రానివాళ్ళ చేతిలో మంత్రదండం పొయ్యిలో నిప్పులు ఎగదోయడానికి తప్ప పనికిరాదు. ఆ దొంగ ఎవరో పోల్చుకోలేని ధూమకంఠుడు, గుహ బయట గుర్రాలు పట్టుకుని నిలబడ్డ ఆమె మగడు శంఖపాలుణ్ణి కట్టి తెచ్చాడు. ఎక్కడ దాచాడని, అడవిలో బాణం దిగి పడివున్న ఒక భటుణ్ణి వకుళ అడిగితే, "ఊరంతా చూసేచోటే ఉన్నాడమ్మా, ఎవరికీ కనపడడు" అని చెప్పి ప్రాణం వదిలాడు. ఇంకో మాట చెప్పి పోయుంటే అతని సొమ్మేం పోయేది కాదు.

ఊరంతా చూసేచోటు ఆ కోటలో ఒక్కటే. మౌనమూర్తి ముంగిలి. మూర్తి ఎదుట మౌనం చెడకూడదన్న పేరుతో అక్కడికి చెవిలో దూది లేకుండా అడుగు పెట్టనివ్వరు. దూది పెట్టించుకుంటే మగడి గొంతు వినపడదు, వద్దంటే తల మిగలదు. ఒక్క చెవిటివాళ్ళకే మినహాయింపు. చెవిటివాళ్ళంటే ఆ దేశంలో పుణ్యాత్ములని లెక్క. దేవుడే దూది పెట్టి పంపించాడని వాళ్ళకు ముందు వరుసలో పీటలు వేస్తారు. అందుకే వకుళ పొద్దుటినుంచీ చెవిటిదైపోయింది.

దూదివాళ్ళ పెద్ద పేరు పుల్లన్న. చెవిటివాళ్ళను పరీక్షించడానికి అతను ఢంకా వాడడు. ఢంకా మోతకు నేల అదిరితే పుట్టు చెవిటివాడికీ అరికాళ్ళలో తెలుస్తుంది. పుల్లన్న మాటలు వాడతాడు. వకుళను గోడ వైపు తిప్పి నిలబెట్టి, వెనకనుంచి తన సహాయకుడితో తీరిగ్గా మొదలుపెట్టాడు.

"ఒరే, ఈ ముసలిదానికి ముక్కు కోద్దామా, చెవి కోద్దామా?"

"చెవెందుకండీ, దాంతో దానికి పనే లేదుగా."

వకుళ గోడ మీద పాకుతున్న చీమలబారును చూస్తూ ఉండిపోయింది. చల్లటి కత్తి అంచు మెడ మీద ఆనింది. స్పర్శ తెలుస్తుంది కనుక, తెలిసినట్టు మెడ గోక్కుంది. పుల్లన్న ఆమె కొడుకులు చచ్చిపోయారన్నాడు, కోడళ్ళు లేచిపోయారన్నాడు, ఇల్లు తగలబడుతోందన్నాడు. లేని కొడుకుల గురించి ఉలిక్కిపడకుండా ఉండటం ఏమంత కష్టం కాలేదు. పరీక్ష ముగిసిందని అతను పుల్లలు సర్దుకుంటూ సహాయకుడితో మామూలుగా ఒక మాట అన్నాడు.

"ఆ బొమ్మలో ఉన్న గుర్రాలవాడు, శంఖపాలుడు, వాడికి ఇవాళే ఆఖరంటరా. కళ్ళు ఎండిపోయాయిట. సున్నం నానేశారు."

అప్పుడు కష్టమైంది. వకుళ మోకాళ్ళు వాటంతట అవే వంగబోయాయి. వాటిని వంగనిచ్చి, అలాగే కిందికి కూలబడి, చెవిటివాళ్ళు మాట్లాడే గట్టి గొంతుతో అంది.

"ఏం నాయనా, ఇక్కడ ప్రసాదం ఏమన్నా పెడతారా? పొద్దుట్నుంచీ ఎంగిలి పడలేదు."

ద్వారం దగ్గరివాళ్ళంతా నవ్వారు. పుల్లన్న ఆమె నుదుట తెల్ల గంధం బొట్టు పెట్టి, పుణ్యాత్మురాలని తేల్చాడు. అంతటితో ఆగక చెయ్యి పట్టుకుని నేరుగా లోపలికి నడిపించుకుపోయాడు. మూర్తి కళ్ళు తుడిచే ఉద్యోగం ఖాళీగా ఉందట. ఇదివరకు చేసిన ముసలాయన తనకు తాను చెవిటివాణ్ణని చెప్పుకున్నాడు కానీ, పిడుగు పడ్డప్పుడు తలెత్తి చూశాడు. అతని రెండు చెవుల్లోనూ కరిగించిన సీసం పోశారు. ఇప్పుడు ఆయనకు ఉద్యోగానికి కావలసిన అర్హత వచ్చింది కానీ, చెయ్యడానికి ప్రాణం లేదు.

ముంగిలిలో అడుగుపెట్టగానే వకుళ ఎందుకు వచ్చిందో ఒక క్షణం మరిచిపోయింది.

నాలుగు వైపులా వానకు నల్లబడ్డ పాత కోటగోడలు, వాటి నెర్రెల్లో పావురాలు, మధ్యలో తాటిచెట్టంత ఎత్తున మౌనమూర్తి. దేవుడు కాదు, రాజు కాదు. యుద్ధం నుంచి తిరిగి వస్తూ దారిలో కూర్చుండిపోయిన ఒక మామూలు బంటు. చెప్పులు విప్పి పక్కన పెట్టుకున్నాడు. కత్తి నేల మీద ఉంది, దాని మీద చెయ్యి లేదు. ఎడమ చెంప అరచేతిలో ఆన్చి, ముందుకు వంగి, ఎవరినో చంపిన సంగతి అప్పుడే జ్ఞాపకం వచ్చినట్టు చూస్తున్నాడు. పొద్దు వాలే వేళ ఎండ ఆ నల్లరాతి మీద తేనెలా జారుతుంది. రాతి మోకాళ్ళు తరతరాల అరచేతులు తాకి తాకి అద్దాల్లా మెరుస్తున్నాయి. ఎప్పుడో ఒక రాజు పొరుగుదేశాన్ని గెలిచి, గెలిచినందుకు నిద్రపట్టక దీన్ని చెక్కించాడట. ఎవరైనా వచ్చి దాని ఎదుట కూర్చుని, చేసిందీ చెయ్యబోయేదీ ఒక్కసారి తలచుకుని పొమ్మన్నాడట. అంతకు మించి ఏ నియమమూ పెట్టలేదు. దూది, ఢంకా, కొరడా తరువాతి రాజులు కలిపిన సంభారాలు.

ఆ సాయంత్రం కూడా జనం వచ్చి కూర్చున్నారు. కుండలు చేసేవాళ్ళు, చేపలమ్మేవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, ముఖం మీద కొరడా వాత ఇంకా ఎర్రగా ఉన్నవాళ్ళు. అందరూ తలలు కొంచెం పైకెత్తి ఆ రాతి ముఖాన్ని చూస్తున్నారు. ఆ చూపుల్లో నిజంగానే ఏదో శాంతి ఉంది. దాన్ని చూస్తే వకుళకు వెన్ను జలదరించింది. ఎందుకంటే దూది అక్కరలేని మాంత్రికుడికీ అతని మనుషులకూ తప్ప, అక్కడ ఆమె ఒక్కదానికే వినపడుతోంది. మూర్తి తలలోంచి ఒక మనిషి అరుస్తున్నాడు.

ఒక్కొక్కరినీ గుర్తుపెట్టి పిలుస్తూ అరుస్తున్నాడు. ఓ ఎర్ర తలపాగా, ఓ నీలం చీరమ్మా, ఒక్కసారి చెవిలో దూది తియ్యండి అని బతిమాలుతున్నాడు. నీలం చీర ఆవిడ ఇంకాస్త ప్రశాంతంగా చేతులు జోడించింది.

ధూమకంఠుడి పనితనం అక్కడే ఉంది. మూర్తి తలను లోపలినుంచి తొలిపించి, వీపులో ఒక చిన్న తలుపూ, దానిదాకా మెట్లూ పెట్టించాడు. లోపల మనిషిని నిలబెట్టి గొలుసులు వేస్తాడు. రాతి కళ్ళలోంచి ఆ మనిషికి జనమంతా కనపడతారు. వేలమంది తనవైపే చూస్తారు, ఒక్కడూ వినడు. ఎంత గట్టివాడైనా కొన్నాళ్ళకు ఏడుస్తాడు. ఆ కన్నీరు రాతి కన్నుల గాడి వెంట బయటికి కారుతుంది. జనం దాన్ని మూర్తి కరుణ అనుకుంటారు. రాజు భీమకేతుడు దాన్ని వెండి గిన్నెలో పట్టించుకుని ముఖం కడుక్కుంటాడు. అరవై దాటినా చెంపల మీద ఒక్క ముడత లేదు. కళ్ళు ఎండిపోయినవాణ్ణి లోపల ఉంచి లాభం లేదు కనుక, వీపు తలుపులోంచి గచ్చు పోసి పూడ్చి, గట్టిపడ్డాక మళ్ళీ తొలిపించి కొత్తవాణ్ణి పెడతారు. మూర్తి పీఠం పక్కన గుంటలో సున్నం అప్పటికే బుడగలు కక్కుతోంది.

వకుళ చేతికి వెండి గిన్నె, పట్టుగుడ్డ ఇచ్చి నిచ్చెన ఎక్కించారు. నిచ్చెనకు ఆన్చిన, పొయ్యి మసితో నల్లబడ్డ ఆమె కర్ర జారి పడితే, సున్నం పని చూడటానికి అటుగా వెళుతున్న ధూమకంఠుడు దాన్ని కాలితో పక్కకు నెట్టి, ఇలాంటి అడ్డమైన కట్టెలు లోపలికి రానిచ్చినందుకు భటులను తిట్టాడు. తను పోగొట్టుకున్న దండం కోసం అతను మూడు అడవులు తగలబెట్టించి ఉన్నాడు.

పైకి వెళ్ళేసరికి అరుపులు ఆగిపోయాయి. అరచెయ్యి పట్టేంత సందు ఉన్న రాతి కంటిలోంచి వేడి ఊపిరి తగిలింది. చీకట్లో గడ్డం పెరిగిన ముఖం, దాని మీద ఎండిన ఉప్పు చారలు. ఆ ముఖంలో శంఖపాలుడి ముక్కు ఒక్కటే పాతది మిగిలింది. ఆమెను చూసి అతను ముసలిదాన్ని చూసినట్టే చూశాడు. వకుళ కంటి గాడి తుడిచి గిన్నెలో పిండింది. అడుగు కూడా తడవలేదు.

నేనేనని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్తే ఏమవుతుందో కూడా వెంటనే తెలిసింది. అతను సంతోషిస్తాడు. సంతోషించినవాడికి కన్నీరు రాదు, గిన్నె నిండదు, ఈ సాయంత్రమే గచ్చు పోస్తారు. ఇవాళ గిన్నె నిండితే రేపటిదాకా బతుకుతాడు. రేపటికి ఏదో ఒక ఉపాయం దొరుకుతుంది. అంటే ఇప్పుడు ఆమె చెయ్యవలసిన పని, మగణ్ణి ఏడిపించడం. కాపురానికి వచ్చిన కొత్తల్లో అత్తగారు ఆమె మీద మోపిన నేరం కూడా అదే.

ఏం చెప్పాలి? పెళ్ళాం చచ్చిపోయిందంటే కాసేపు ఏడ్చి, తనూ చావడానికి ఒప్పుకుంటాడేమో. మళ్ళీ పెళ్ళి చేసుకుందంటే మాత్రం చచ్చేవాడు కూడా లేచి కూర్చుంటాడు. వకుళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ముఖం రాతికి ఆనించి, వణికే గొంతుతో మొదలుపెట్టింది.

"నాయనా, నువ్వు గుర్రాల శంఖపాలుడివి కదూ. మీ పేటలోనే ఉంటానయ్యా. నీకెవరూ చెప్పినట్టు లేదు. నీ ఇల్లాలు గానుగ గౌరయ్యను మనువాడింది."

లోపల గొలుసు చప్పుడైంది. గౌరయ్య వాళ్ళ పొరుగింటి నూనెవాడు. గోడ మీంచి తొంగి చూస్తాడని శంఖపాలుడు అతని మీద రెండుసార్లు పేడముద్ద విసిరి ఉన్నాడు.

"అబద్ధం" అన్నాడు శంఖపాలుడు. "వకుళకు నూనె వాసన పడదు."

"అలవాటైపోయిందిలే నాయనా. నీ పట్టు అంగరఖా చింపి వాడికి తలగుడ్డలు చేసింది. వాడు నీ మంచం మీదే పడుకుంటున్నాడు."

అతని పెదవులు బిగుసుకున్నాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, కానీ చుక్క రాలలేదు. కింద సున్నం గుంట దగ్గర గరిటె తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. వకుళ గుండె రాయి చేసుకుంది.

"నీ గుర్రం లేదూ, తెల్ల బొట్టుది. దానికి కళ్ళకు గంతలు కట్టి గానుగకు పూన్చారయ్యా. తిరగలేక పడిపోతే గౌరయ్య తోక మెలిపెడుతున్నాడు."

శంఖపాలుడు భోరుమన్నాడు.

ఆ ఏడుపు రాయిని కదిలించేలా ఉంది. కన్నీరు గాడి నిండా పొంగి వచ్చింది. వకుళ తుడిచి పిండింది, మళ్ళీ తుడిచి పిండింది. పెళ్ళి మాటకు రాని కన్నీరు గుర్రం మాటకు వచ్చిందన్న సంగతి మాత్రం గమనించకపోలేదు. బతికి ఇంటికి చేరాక దాని మీద ఒక మాట అనుకోవలసి ఉంది.

గిన్నె నిండింది. కింద రాజు భీమకేతుడు చేతులు చాచాడు. వకుళ తాడుకు కట్టి దించింది. చెవిలో దూదితో, ముఖాన చిరునవ్వుతో రాజు ఆ నీళ్ళు చెంపలకు పులుముకుంటుంటే ధూమకంఠుడు గచ్చువాళ్ళను ఆగమని సైగ చేశాడు. ఒక రోజు దక్కింది. వకుళ నిచ్చెన మెట్టు గట్టిగా పట్టుకుంది.

అప్పుడే లోపల ఏడుపు ఆగి, శంఖపాలుడు మాంత్రికుడి పేరు పెట్టి పిలిచాడు.

"ధూమకంఠా. నీ దండం సంగతి చెప్తాను, రా."

ఇన్నాళ్ళు కొరడాలకూ, ఆకలికీ, ఈ రాతి చెరకూ నోరు విప్పని మనిషి నోరు విప్పుతున్నాడు. ఆమె చెప్పిన అబద్ధమే ఆ తాళం తీసింది. ధూమకంఠుడు నల్ల అంగీ ఎగరేసుకుంటూ పీఠం ఎక్కి, నిచ్చెన పక్కనే నిలబడి, చెప్పమన్నాడు.

"దొంగ మగవాడు కాదు. నా పెళ్ళాం వకుళ. ఎవత్తె కోసం ఇన్నాళ్ళు కడుపులో దాచుకున్నానో అదే నా గుర్రాన్ని గానుగకు కట్టింది. పట్టుకో. ఏ వేషం వేసినా గుర్తు దాగదు. ఎడమ మణికట్టు మీద నెలవంకలా కాలిన మచ్చ ఉంటుంది. అట్లకాడ తగిలింది."

ధూమకంఠుడు నవ్వి, దేశంలోని ప్రతి ఆడదాని ఎడమ చెయ్యీ చూడమనీ, ఈ ముంగిలినుంచే మొదలుపెట్టమనీ పుల్లన్నకు చెప్పాడు. అందరికంటే దగ్గరగా ఉన్న ఆడది నిచ్చెన మీద ఉంది. గుడ్డ పిండడానికి రవిక చేతులు మోచేతులదాకా ఎగదోసుకుని ఉంది. మచ్చ బాహాటంగా సాయంకాలపు ఎండలో ఉంది. చెయ్యి దాచుకుంటే, ఆ మాటలు విన్నదని తెలిసిపోతుంది. దాచుకోకపోతే మచ్చే చెబుతుంది.

పుల్లన్న కిందినుంచి మెడ సాచాడు. వకుళ చెవిటిముసలి తీరుబడితో పట్టుగుడ్డను ఎడమ చేతికి చుట్టుకుని, ఇంకా తడి మిగిలిందన్నట్టు ఆ చేతిని మణికట్టు మునిగేదాకా రాతి కంటిలోకి దూర్చింది.

లోపల గొలుసు కదిలింది. తిండి అందుకునేంత పొడుగే ఉన్న ఆ గొలుసుతో శంఖపాలుడు ముసలిదాని చేతిని విసిరికొట్టబోయాడు. అతని వేళ్ళు గుడ్డ దాటి మణికట్టు మీద పడ్డాయి. ఆగాయి. బొటనవేలు ఆ నెలవంక ఒక కొసనుంచి రెండో కొసదాకా మెల్లగా నడిచింది.

"దిగి ఆ చెయ్యి చూపించమని సైగ చెయ్యండి దానికి" అన్నాడు ధూమకంఠుడు. "సరిగ్గా చెప్పు, ఏ చెయ్యన్నావురా?"

"కుడి" అన్నాడు శంఖపాలుడు. గొంతు మారిపోయింది. "ఏడుపులో నోరు తిరగలేదు. కుడి చెయ్యి."

వకుళ పుల్లన్న సైగ అర్థమైనట్టు, నిచ్చెన మీంచే కుడి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూపించింది. మచ్చ లేదు. పుల్లన్న తల ఊపి ముందు వరుసలోని ఆడవాళ్ళ వైపు తిరిగాడు. అంతటితో ప్రమాదం దాటిపోయేదే. కానీ రాతి కన్ను అంచున ఇంకొక్క చుక్క నిలిచి, గాడి వెంట జారి, కింద ముఖం పైకెత్తి కూర్చున్న భీమకేతుడి చెంప మీద పడింది. అది ఏడుపు చుక్క కాదు. పడినచోట రాజుగారి చర్మం ఏడాది నిలవ మామిడిటెంకలా ముడుచుకుపోయింది. ముడత కంటిదాకా, పెదవిదాకా పాకింది. రాజు నోరంతా తెరిచి కేక పెట్టాడు. ఆ ముంగిలిలో రాజు పెట్టిన మొదటి కేక అది. ఎవరూ వినలేదు. రాజుగారు నోరు తెరిచారు కనుక ముందు వరుసలోని ఉద్యోగులంతా నోళ్ళు తెరిచారు.

ధూమకంఠుడు రాజు చెంపను చూశాడు. రాతి కన్ను వైపు చూశాడు. కన్ను పూర్తిగా ఆరిపోయి ఉంది. దాంట్లో ఒక ముసలి చెయ్యి దిగబడి, బయటికి రావడం లేదు.

"వాడు సంతోషించాడు" అన్నాడు మెల్లగా. "గచ్చు పొయ్యండి. ఆ ముసలిదాన్ని కింద పడేసి ఎముకలు ఏరండి."

కూలీలు బుడగలెత్తే బాల్చీలు భుజాల మీద పెట్టుకుని మూర్తి వీపు మెట్లు ఎక్కడం మొదలుపెట్టారు. వకుళ చెయ్యి వెనక్కి లాగింది. రాలేదు. లోపలి వేళ్ళు బిగుసుకున్నాయి. ఆమె రాతికి ముఖం ఆనించి, ముసలి గొంతు వదిలేసి, తన గొంతుతో అంది.

"వదులు. వాళ్ళు వెనకనుంచి వస్తున్నారు."

"గుర్రం?" అన్నాడతను.

"బాగుంది. కోట బయటే ఉంది. వదులు."

అతను వదల్లేదు. వేలమంది జనం శాంతంగా పైకి చూస్తున్నారు. భటులు నిచ్చెన కాళ్ళు పట్టుకుని ఒక్కసారి లాగేశారు. నిచ్చెన పీఠం మీద పడి రెండు ముక్కలైంది.

వకుళ పడలేదు.